గోడలోని మూడో రంధ్రం

ఇంట్లో మొదటిసారి డెస్క్‌టాప్ కంప్యూటర్ బిగించుకోవాలనుకునే పిల్లలకు లోకం చెప్పే సలహాలన్నీ ప్రాసెసర్‌తో మొదలవుతాయి. తర్వాత గ్రాఫిక్ కార్డు. తర్వాత రంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లు, అద్దాల కేబినెట్. చిట్టచివర, డబ్బులు మిగిలితే, ఏదో ఒక మంచి ఎస్‌ఎమ్‌పిఎస్ తీసుకోమని ఒక ముక్క. యూపీఎస్ మాట ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. గోడలోని సాకెట్టు సంగతి అసలే ఉండదు.

నా గొడవ ఈ వరస మీద. పత్తికొండలో కంప్యూటర్ కొనేవాళ్లు ఈ జాబితాని కిందినుంచి పైకి చదవాలని నా వాదం. ఆ వరసను తిరగరాసి చెప్పే పని తెలుగులో రాసేవాళ్లం చేయకపోవడం మన సోమరితనమని కూడా.

ఈ కోపానికి కారణం సొంతదే. 2010లో కర్నూల్లో ఒక అంగట్లో నా మొదటి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకున్నాను. నేనూ అందరిలాగే ప్రాసెసర్ గురించి పదిరోజులు చదివి, మదర్‌బోర్డు గురించి నలుగుర్ని అడిగి, హార్డ్‌డిస్క్ దగ్గర గట్టిగా బేరమాడాను. కేబినెట్ దగ్గరికి వచ్చేసరికి అంగడాయన "దీంట్లో ఎస్‌ఎమ్‌పిఎస్ ఫ్రీగా వస్తాది సార్" అన్నాడు. ఫ్రీ అంటే ఎవరికి చేదు? దాని మీద 450 వాట్లని స్టిక్కరు కూడా ఉంది. స్టిక్కరు మీద ఏ అంకె అయినా అచ్చేయించుకోవచ్చని అప్పటికి నాకు తెలీదు. రెండో ఎండాకాలం, ఒక సాయంత్రం, కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చింది. టప్‌మని చిన్న శబ్దం. కాలిన వాసన. ఎస్‌ఎమ్‌పిఎస్ ఒక్కటే పోయింటే కొన్ని వందలతో పోయేది. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్క్‌నీ వెంట తీసుకుపోయింది.

ఆ హార్డ్‌డిస్క్‌లో మా అవ్వ పాడిన పాటలున్నాయి. పెండ్లి పాటలు, దంపుళ్ల పాటలు, శనక్కాయలు వొలిచేటప్పుడు పాడుకునేవి. ఫోన్లో రికార్డు చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లో చోటు చాలక తుడిపేసినవి. రెండో కాపీ పెట్టుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. మళ్లీ పాడించుకుందాం లే అనుకునేలోగా అవ్వ పోయింది. పదిరోజులు ప్రాసెసర్ గురించి చదివినవాణ్ని, ఆ డబ్బా గురించి పది నిమిషాలు చదివుంటే! కానీ ఎక్కడ చదవాలి? ఎవరు రాశారని?

సరే, ఆ పది నిమిషాల చదువు ఇప్పుడు చెప్తాను. గోడలోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఆ మార్పిడి చేసేది ఎస్‌ఎమ్‌పిఎస్. మదర్‌బోర్డు, ప్రాసెసర్, డిస్కు, అన్నీ తినేది దాని చేతి ముద్దే. మంచి ఎస్‌ఎమ్‌పిఎస్‌కు తనలో ఏదైనా తేడా వస్తే తనంతట తానే ఆగిపోయే కాపలా ఉంటుంది. నాసిరకం దాంట్లో ముందుగా మిగుల్చుకునేది ఆ కాపలా ఖర్చునే. పెట్టె మీద 80 ప్లస్ అనే గుర్తు ఉంటే, గోడలోంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం పనికి వచ్చేట్టు పరీక్ష నెగ్గిందని అర్థం. అదొక్కటే నాణ్యతకు హామీ కాదు, కానీ ఏ గుర్తూ లేనిదానికంటే నయం. వాట్లు ఎన్ని అని మాత్రమే అడక్కండి. ఎన్నేళ్ల వారంటీ అని అడగండి. మూడేళ్లో అయిదేళ్లో వారంటీ ఇచ్చేవాడికి తన సరుకు మీద నమ్మకముందని లెక్క. ఫ్రీగా ఇచ్చేవాడికి ఏ నమ్మకమూ అక్కర్లేదు.

దానికంటే ముందు సాకెట్టు. మూడు రంధ్రాల్లో పైన కాస్త పెద్దగా ఉండేది ఎర్త్. మన ఇళ్లల్లో చాలాచోట్ల ఆ రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. వైరు ఉన్నా అది పోయి కలిసే గుంత ఎండిపోయి ఉంటుంది. కంప్యూటర్ డబ్బాకు చెయ్యి తగిలితే జిల్లుమంటుందని చెప్పేవాళ్లను అడగండి, సగం మంది ఇళ్లల్లో కథ ఇదే. ఎస్‌ఎమ్‌పిఎస్ లోపలి ఫిల్టరు కొద్దిపాటి కరెంటును ఎర్తులోకి వదిలేట్టుగా తయారవుతుంది. ఎర్త్ లేకపోతే అది డబ్బా ఇనుము మీదే నిలబడి, మనకోసం చూస్తుంటుంది. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గులూ వేసి తడి నిలిచేట్టు చూడటం పాత పద్ధతి. నేల తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి సులువుగా దిగుతుంది. కోనసీమలో ఉన్నవాడికి ఈ సంగతి తట్టకపోవచ్చు. బోరు ఎండే నేలలో ఎర్త్ కూడా ఎండుతుంది. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పొయ్యాలి. ఈ ముక్క నేను ఏ కంప్యూటర్ సలహాల్లోనూ వినలేదు. ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడు. భాగాలు కొనకముందే ఆయన్ని పిలిచి పరీక్ష చేయించుకోండి. సొంతంగా వేళ్లు పెట్టే పని కాదు.

ఆ తర్వాత యూపీఎస్. కరెంటు ఆగిపోతే మంచి ఎస్‌ఎమ్‌పిఎస్ కూడా తన దమ్ము మీద నడిపేది సెకనులో యాభయ్యో అరవయ్యో వంతు కాలమే. ఆ లోపల యూపీఎస్ అందుకోవాలి. 600 వీఏ అని రాసుంటే 600 వాట్లనుకోవద్దు, మామూలుగా 360 వాట్ల దగ్గర ఆగుతుంది. గ్రాఫిక్ కార్డు లేని డెస్క్‌టాప్‌కు అది చాలు. కొన్ని నిమిషాలు దొరుకుతాయి, పని సేవ్ చేసుకుని పద్ధతిగా ఆపుకోవడానికి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గదా అంటారు. ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో అది ఫ్యాన్లకూ లైట్లకూ సరిపోయేంత తీరిగ్గా మారుతుంది. ఫ్యాన్ ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ఓర్చుకోదు.

ఇక ఎండ, దుమ్ము. మే నెలలో మిద్దె గదిలో రాత్రి తొమ్మిదికి కూడా గోడ వేడిగా ఉండే ఊరు మాది. ముందువైపు అద్దం బిగించిన కేబినెట్లో గాలి ఎట్ల దూరుతుంది? ముందు జాలీ, జాలీ వెనక విప్పి కడుక్కునే దుమ్ము తెర, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. అది చాలు. బండల మీద కింద పెట్టొద్దు, ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా దాంట్లోకే పోతుంది. బల్లమీద పెట్టి రెండు నెలలకోసారి తెరిచి దులుపుకోవాలి. ఇంట్లో పిల్లలు ఆ మూత తెరవడమే అసలు చదువని నా నమ్మకం.

ఇంత అయ్యాక ప్రాసెసర్. ఇప్పుడు చెప్పేది తక్కువే. గ్రాఫిక్స్ తనలోనే ఉన్నది తీసుకోవాలి. రైజెన్ 5 5600జీ అట్లాంటిది, కోర్ ఐ3 12100 అట్లాంటిది. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం చేరితే గ్రాఫిక్స్ లేదని అర్థం. కొన్ని వందలు తగ్గాయని అది తెచ్చుకుంటే, వేరే కార్డు కొనేదాకా తెర మీద బొమ్మే రాదు. ర్యామ్ 16 జీబీ అనుకుంటే 8 జీబీవి రెండు తీసుకోవాలి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు దారులుంటే వేగం. ఎస్‌ఎస్‌డిలో ఎమ్.2 అనేది ఆకారం పేరు. అదే ఆకారంలో నెమ్మదైన సాటా రకమూ ఉంటుంది, వేగమైన ఎన్‌విఎమ్‌ఈ రకమూ ఉంటుంది. మదర్‌బోర్డు ఏది ఒప్పుకుంటుందో చూసుకోవాలి. గ్రాఫిక్ కార్డు మొదటిరోజు అక్కర్లేదు. స్లాటు ఉంది గదా, ఖాళీగా ఉండనీ. డెస్క్‌టాప్ గొప్పదనమంతా ఆ ఖాళీ స్లాటులోనే ఉంది.

ధరల సంగతి పత్తికొండకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున మార్కెట్లో బుట్ట ధర చూసి నవ్వి, వారం తిరక్కముందే అవే టమోటాలు రోడ్డు మీద పారబోసిన ఊరు ఇది. ర్యామ్ కూడా టమోటా లాంటిదే. కొన్నేళ్లు అగ్గువ, ఉన్నట్టుండి పిరం. 2025 చివర్లో ఏఐ కంపెనీలు ప్రపంచంలోని మెమరీ చిప్పులకు ఎగబడేసరికి ర్యామ్ ధర చూసి కొన్నవాళ్లు గుండె పట్టుకున్నారు. డెస్క్‌టాప్ అయితే ఇప్పుడు తక్కువ ర్యామ్‌తో మొదలుపెట్టి ధర దిగినప్పుడు పెంచుకోవచ్చు. ర్యామ్‌ను బోర్డుకే సోల్డరింగ్ చేసేసిన ల్యాప్‌టాప్‌లో ఆ వీలు లేదు. కొన్న రోజు ఎంతో, పారేసే రోజూ అంతే.

"ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, మీరు చెప్పిన ఎర్త్, యూపీఎస్ తలనొప్పులేవీ ఉండవు గదా" అని ఒక మిత్రుడు నిలదీశాడు. నిజమే. హాస్టల్లో ఉండే పిల్లకు ల్యాప్‌టాప్ కొనివ్వండి, నేనేమీ అడ్డు రాను. కానీ ఇంట్లో ఉండి చదువుకుంటూ, తర్వాత తమ్ముడికి, ఆ తర్వాత ఇంకొకరికి అప్పగించాల్సిన యంత్రమైతే లెక్క వేరు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడు నాలుగేళ్లకు అలిసిపోతుంది. డెస్క్‌టాప్ కీబోర్డు పోతే నాలుగు వందలు, ల్యాప్‌టాప్ కీబోర్డు పోతే టౌనుకు ప్రయాణం. ఒక భాగం పోతే ఆ భాగం మార్చుకోగలిగేదే పేదింటి వస్తువు. ఎద్దుల బండి నుంచి సైకిలు దాకా మనం వాడినవన్నీ అట్లాంటివే.

అయినా "అసెంబుల్డా?" అని మూతి విరిచేవాళ్లుంటారు. బ్రాండెడ్ అంటే ఆకాశంలోంచి ఊడిపడిందని వాళ్ల భావం. 1981లో ఐబీఎమ్ తెచ్చిన పర్సనల్ కంప్యూటరే అసెంబుల్డు. దాంట్లో ప్రాసెసర్ ఇంటెల్‌ది, నడిపే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. ఎవరైనా కార్డు తయారుచేసి తగిలించేట్టు స్లాట్లు వదిలారు కాబట్టే అది లోకమంతా పాకింది. కంపెనీ వాడు బిగిస్తే బ్రాండు, మన పిల్ల బిగిస్తే అసెంబుల్డు. ఎవరు బిగిస్తే ఏది గౌరవమో నిర్ణయించే ఈ అలవాటు మనకు కొత్తది కాదు, కంప్యూటర్‌తో వచ్చింది అంతకన్నా కాదు.

ఇదంతా ఒక సాహిత్య పత్రికలో ఎందుకని మీరడగొచ్చు. ఇక్కడే అడగాలి. గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో ధర్మంతో పాటు మనుషులకూ పశువులకూ వైద్యం, మందు మొక్కలు నాటించడం, దారిపక్క బావులు తవ్వించడం ఉన్నాయి. ఆ మాటలు బండకు ఎక్కదగినవే అనుకున్నాడు. మనం మాత్రం బావి గురించి కవిత రాస్తాం, బోరు మోటారు గురించి రాయం. మహీధర నళినీమోహన్ కేలెండర్ మీదా కరెంటు మీదా కథలు చెప్పినట్టు పుస్తకాలు రాశారు. ఆ దారిలో మనలో ఎంతమందిమి నడిచాం? పాటలు పోతున్నాయి, మాండలికాలు పోతున్నాయి అని సభల్లో కన్నీళ్లు పెట్టుకుంటాం. పాటను దాచే డిస్కునూ, డిస్కును కాపాడే ఎస్‌ఎమ్‌పిఎస్‌నూ గురించి మాట్లాడటం మాత్రం మన స్థాయికి తక్కువ. మా అవ్వ పాటలు పోయింది ఇంగ్లీషు వల్ల కాదు. ఎస్‌ఎమ్‌పిఎస్ గురించి తెలుగులో ఎవరూ నాకు చెప్పనందువల్ల.

2024 ఎండాకాలంలో మా వీధి టమోటా రైతు ఒకాయన వచ్చాడు. కూతురు ఊళ్లోనే ఉండి డిగ్రీ చదువుతోంది. "పంటకు నాలుగు రూపాయలు వచ్చినాయి సార్, పాపకు మంచి ల్యాప్‌టాప్ ఒకటి చూడండి" అన్నాడు. ఆ డబ్బు వెనక ఎన్ని పారబోసిన పంటలున్నాయో నాకు తెలుసు. నేను ల్యాప్‌టాప్ చూడలేదు. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. ఆయనకు నామీద అనుమానమొచ్చింది. "కంప్యూటరు కొనమంటే గుంత తవ్విస్తాండావేంది సార్?" అన్నాడు. ఆ పాప మాత్రం గుంత పక్కన కూర్చుని వైరు యాడికి పోతుందో చివరిదాకా చూసింది. జాబితా తనే రాసింది, కిందినుంచి పైకి. ఎస్‌ఎమ్‌పిఎస్‌కూ యూపీఎస్‌కూ కలిపి ఏడు వేలు మొదటే పక్కన పెట్టింది. మిగిలినదాంట్లో ప్రాసెసర్ వచ్చింది. బిల్లులన్నీ ఒక కవర్లో దాచింది. రెండో కాపీ కోసం ఇంకో డిస్కు కొనాలని నేను మొండికేస్తే, నవ్వుతూ అదీ రాసుకుంది.

మొన్న ఎండల్లో వాళ్లింటికి పోయినాను. వాళ్లమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి, గోడవారన ఉన్న ఆ గుంతలో పోస్తోంది. ఎందుకమ్మా అంటే, "పాప పొయ్యమంటాది సార్, పోస్తాండా. కంప్యూటరుకు దప్పికైతాదంట" అంది.