పికప్ చచ్చిందని ఎవరు చెప్పారు?



ఈసారి గోడపత్రికలో సెలవుల గురించో చెట్ల పెంపకం గురించో రాద్దామనుకున్నాను. కానీ పది రోజులుగా డార్మెట్రీలో, మెస్సులో, చివరికి బోరింగు దగ్గర కూడా గిటార్ గొడవే నడుస్తోంది. అందుకే నా అభిప్రాయం రాస్తున్నాను. నచ్చనివాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయండి, కాగితం చింపకండి.

సంగతి అందరికీ తెలిసిందే. మన పాత విద్యార్థి అన్న ఒకరు ఇచ్చిన ఎలక్ట్రిక్ గిటార్‌లో ఒక పికప్ పలకడం లేదు. తీగల కింద కనిపించే మూడు పొడుగాటి నల్ల ముక్కలే పికప్‌లు. వంతెన వైపున్న మూడోది మూగబోయింది. కొందరు అన్నలు మూడూ తీసేసి కొత్త సెట్ తెప్పిద్దామంటున్నారు. ఇంకొందరు "మనకెందుకురా ఈ గోల, స్టోర్ రూములో పెట్టేస్తే పోలా" అంటున్నారు. వార్డెన్ గారు రిజిస్టర్ తెచ్చి "కండెమ్ రాసేద్దామా?" అని కూడా అడిగారు.

కండెమ్ అనే మాట వింటే నాకు భయం. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు ప్రార్థన మైకు ఇలాగే చచ్చిందన్నారు. కొత్తది కొన్నారు. ఏడాది తర్వాత కరెంటు పనికి వచ్చిన ఆయన వైరు ముక్క కోసం వెతుకుతూ పాత మైకు ప్లగ్గు విప్పితే లోపల ఒక తీగ ఊడిపోయి ఉంది, అంతే! అయిదు నిమిషాల్లో అతికించాడు. అప్పటిదాకా ఒక్కరమూ విప్పి చూడలేదు. అందులో నేనూ ఉన్నాను.

అసలు పికప్ అంటే ఏముంది? పదో తరగతి భౌతికశాస్త్రంలో ఫారడే పాఠం చదివాం గదా. ఆయన 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇక్కడ పని చేసేది. పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ ఎనామిల్ పూసిన రాగితీగ చుట్ట ఉంటాయి. పైన ఉక్కు తీగ ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. అది యాంప్లిఫయర్‌కి వెళ్తుంది. 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆకారాన్ని బట్టి "పెనం" అని ముద్దుపేరు పెట్టారట. అప్పుడూ ఇదే సూత్రం, ఇప్పుడూ ఇదే. మనది 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పోలికతో చేసిన చవక రకం.

ఇలాంటి పికప్‌లో తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, అంటే మన తలవెంట్రుకంత. ఇంచుమించు ఎనిమిది వేల చుట్లు ఉంటాయి. అంత సన్నటి తీగ ఒక్కచోట తెగినా మొత్తం మూగే. మన వానాకాలం చెమ్మ, చేతి చెమట చాలు, రాగికి పచ్చటి చిలుము పట్టడానికి. గిటార్‌ని బియ్యం బస్తాల పక్కన గోడకి ఆనించి పెట్టింది మనమే. (ఇది ఎవరినీ ఉద్దేశించి కాదు.)

పోయిన ఆదివారం లేబొరేటరీ మీటరు అడిగి తెచ్చాం. ముందు యాంప్లిఫయర్ పెట్టి చిన్న స్క్రూడ్రైవరుతో ఒక్కో పికప్ మీద మెల్లగా తట్టాం. రెండు "టక్ టక్" అన్నాయి, మూడోది ఉలకలేదు. స్విచ్చి శుభ్రం చేశాం, లాభం లేదు. తర్వాత తీగలు విడదీసి కొలిస్తే మంచివి రెండూ ఆరు వేల ఓములకి కాస్త అటూ ఇటూ చూపించాయి. మూడోదానికి మీటరు ఎడమ వైపు ఒంటరిగా "1" అని నిలబడింది. అంటే దారి ఎక్కడో తెగింది.

ఇక్కడే అందరూ "చచ్చింది" అన్నారు. నేను ఒప్పుకోను. ఎక్కడ తెగిందో ఇంకా చూడలేదు గదా! బయటి లావు వైరుని లోపలి వెంట్రుక తీగకి అతికించే రెండు చోట్లు పికప్ అడుగున ఉంటాయి. చిలుము ముందు పట్టేది, లాగితే ముందు ఊడేది తరచుగా అక్కడే. ప్లాస్టిక్ మూత తీసి ఆ రెండు చోట్లు చూడ్డానికి అరగంట చాలు. అతుకుని దాటి చుట్ట కొసల మీద మీటరు పెడితే అంకె వచ్చిందా, టంకం వేస్తే సరి. కొస సాలకపోతే పై వరస నుంచి ఒకటి రెండు చుట్లు విప్పుకోవచ్చు, ఎనిమిది వేలల్లో అది లెక్కలోది కాదు. చుట్ట లోపల తెగి ఉంటే మాత్రం మనవల్ల కాదు. అప్పుడు ఆ ఒక్కటీ మార్చేద్దాం. మంచివి రెండూ ఏం పాపం చేశాయని తీసెయ్యడం?

ఫ్యాన్లు చుట్టే దుకాణంలో ఇద్దామని ఒక తమ్ముడు మంచి సలహానే ఇచ్చాడు. మా చిన్నాన్న అలాంటి దుకాణంలోనే పని చేస్తాడు, వెళ్లి అడిగాను. తీగ చూసి నవ్వి, "ఇది ఎంట్రుక్రా బాబూ, మా మిషను తెంపేస్తాది" అన్నాడు. ఫ్యాను తీగ దీనికంటే రెండు మూడింతలు లావు. కాబట్టి తిరిగి చుట్టించే ఆశ వదులుకోవాలి. ఇది నాకూ బాధే.

మరమ్మతు పిచ్చోడినని నన్ను ఎగతాళి చేసేవాళ్లకి ఒక మాట. మన ఊళ్లల్లో డప్పు చర్మం చిరిగితే చర్మం మారుస్తారు, చట్రం పారెయ్యరు. చర్మం చెమ్మగిల్లితే దాన్ని కూడా మార్చరు, మంట దగ్గర కాస్తారు. ఏది కాయాలి, ఏది మార్చాలి అన్నది మా తాతకి వేలితో కొడితే తెలుస్తుంది. మనకి ఆ వేలు లేదు గాబట్టి మీటరు ఉంది.

ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం డబ్బు. సాంస్కృతిక పెట్టెలో ఉన్నదే తక్కువ. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం. ఆరు, ఏడు తరగతుల చెల్లెళ్లు థింసా ఆడుతున్నారు. వాళ్ల రెండు డప్పులకి చర్మాలు కావాలి, గజ్జెలు సగం ఊడిపోయాయి. మూడు పికప్‌ల సెట్ తెప్పిస్తే వాళ్లకి మిగిలేది సున్నా. గిటార్ నాకు ప్రాణమే, ఆ రోజు వాయించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా డప్పు లేకుండా థింసా ఎలా ఆడతారు? గిటార్ రెండు పికప్‌లతో కూడా పలుకుతుంది.

వార్డెన్ గారికి ఒక భయం ఉంది, న్యాయమైనదే. పిల్లలు విప్పి ఉన్నది కూడా పాడు చేస్తారని. నిజమే, అయస్కాంతం స్క్రూడ్రైవరుని లాక్కుంటుంది, మొన తగిలితే చుట్ట తెగుతుంది. కాయ ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకని విప్పేది ఒక్కరే, సైన్సు మాస్టారి ఎదురుగా, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి. మిగతావాళ్లు రెండు అడుగుల దూరం. మార్చాల్సి వస్తే కొత్తది కొనేముందు పాతదాని పొడవు, తీగల మధ్య దూరం స్కేలుతో కొలవాలి. బిగించాక రెండు పికప్‌లు కలిపి మోగిస్తే ముక్కుతో పాడినట్టు సన్నగా వచ్చిందంటే కొత్తదాని రెండు వైర్లు తారుమారు చెయ్యాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు.

వచ్చే శనివారం సాయంత్రం ఆట వేళలో మూత తియ్యడానికి అనుమతి ఇమ్మని వార్డెన్ గారిని కోరుతున్నాను. అప్పటిదాకా రిజిస్టర్‌లో ఆ పేరు రాయొద్దని మనవి. ఏ రంగు వైరు ఎక్కడిదో గీసిన బొమ్మ ఈ కాగితం కింద అంటించాను, చూసినవాళ్లు తప్పుంటే పెన్సిలుతో దిద్దండి. టంకం కడ్డీ చిన్నాన్న ఇస్తానన్నాడు. మరుసటి రోజు తిరిగి ఇచ్చెయ్యాలి.

– పదో తరగతి విద్యార్థి