గాలి జనానిది, వైరు ఎవడిది?

నెల తిరగ్గానే మా పేటలోకి కేబుల్ కుర్రాడు వస్తాడు. కూలి నుంచి వచ్చి అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్న ఆడవాళ్ళ దగ్గర ఇంటికి 280 రూపాయలు వసూలు చేసుకుని, నోటు పుస్తకంలో ఒక గీత గీసుకుని పోతాడు. రసీదు లేదు. ఏ చానల్‌కి ఎంతో చెప్పడు. మొన్న మేము అడిగాం: "తమ్ముడూ, మేం చూసేది ఐదారు చానళ్ళే. వాటికే కడతాం, మిగతావి తీసెయ్." ఆ అబ్బాయి తల గోక్కుని, "ఊరంతటికీ ఒకటే ప్యాకేజీ మేష్టారూ. ఇష్టమైతే ఉంచుకోమన్నాడు, లేదంటే వైరు పీక్కురమ్మన్నాడు మా ఓనరు" అన్నాడు. పక్కనున్న పెద్దమ్మ ఊరుకోలేదు. "ఇదేం కొట్టయ్యా? ఉప్పుకెళ్తే పప్పూ బెల్లం కొంటేనే ఉప్పిస్తానన్నట్టుంది" అంది.

పుస్తకాలు చదివిన మాకంటే ఆ తల్లి బాగా చెప్పింది. ఆమె అడిగిన న్యాయమే చట్టంలోనూ ఉంది. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2017 మార్చిలో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి డబ్బు చానల్‌కీ గరిష్ఠ ధర ప్రకటించాలి. చూసేవాడు విడివిడిగా తనకు కావలసినవే ఎంచుకోవచ్చు. కంపెనీలు కోర్టుల చుట్టూ తిరిగాయి. చివరికి 2019 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 100 చానళ్ళ వరకూ వైరు చార్జీ 130 రూపాయలు మించకూడదన్నారు. పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే 130కి 200 చానళ్ళు ఇవ్వాలన్నారు.

మరి జరిగిందేమిటి? గుత్తిలో కలిపి అమ్మే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదని గీత గీస్తే, పెద్ద చానళ్ళు చాలావరకు ఆ 19 మీదే కూచున్నాయి. పైగా ఒక మాయ చేశాయి. లెక్క కోసం చెబుతున్నాం: మూడు మంచి చానళ్ళు విడిగా కొంటే 57 రూపాయలు. అవే మూడూ, ఎవరూ చూడని మరో ఇరవై చానళ్ళతో గుత్తిగా కడితే 45 రూపాయలు! ఇక విడిగా ఎవడు కొంటాడు? ఎంచుకునే హక్కు కాగితం మీద ఉంది, ధరే దాన్ని చంపేసింది. ఈ తగ్గింపుకి హద్దు పెట్టాలని ట్రాయ్ 15 శాతం అంటే 2018లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడున్న హద్దు 2022 నవంబర్‌లో పెట్టిన 45 శాతం. సగం ధరకి దగ్గరగా తగ్గించి కట్టగట్టడానికి ఇంకా దారి ఉందన్నమాట.

2024 జులైలో వైరు చార్జీ మీదున్న ఆ 130 పరిమితిని కూడా ఎత్తేశారు. మార్కెట్టే తేలుస్తుందన్నారు. అయ్యా, మార్కెట్ అంటే నలుగురు అమ్మేవాళ్ళుండాలి కదా! మా ఊళ్ళో వైరు ఒక్కటే. ఒక్కడే అమ్మేచోట పోటీ ఎక్కడిది? పైన చానళ్ళ దగ్గరా అదే వరస. స్టార్ మా నడిపే డిస్నీ స్టార్, రిలయన్స్ చేతిలోని వయాకామ్ 18 2024 నవంబర్‌లో ఒక్కటయ్యాయి. పోటీ కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్ కొన్ని షరతులు పెట్టి ఒప్పుకుంది.

వైరు ఒకడి చేతిలో ఉంటే డబ్బుతోనే పోదు. నోరూ పోతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ వాళ్ళు టీవీ 9, ఏబీఎన్ చానళ్ళు ఆపేశారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే టీవీ 9, ఎన్‌టీవీ, సాక్షి ఆగిపోయాయి. టీవీ 9 కేసులో ఢిల్లీ హైకోర్టు ప్రసారాలు తిరిగి ఇమ్మని చెప్పాల్సి వచ్చింది. ఆ చానళ్ళు మనవని కాదు. వాటిలో మన పేట ఎంత కనిపిస్తుందో మనకి తెలుసు. కానీ డబ్బు కట్టినవాణ్ణి ఒక్క మాట అడగకుండా తెర మూసే అధికారం ఎవడిచ్చాడు? పంజాబ్‌లో ఒక కేబుల్ గ్రూపు ఒక వార్తా చానల్‌ని ఇలాగే తీసేస్తే కమిషన్ 2012లో జరిమానా వేసింది. 2018లో సుప్రీంకోర్టు ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేశారని తేల్చింది, జరిమానా మాత్రం తీసేసింది. తప్పు రుజువైంది, శిక్ష లేదు!

"కూలోళ్ళకి టీవీ దేనికండీ?" అనే పెద్దమనుషులున్నారు. 2020లో బడులు మూతబడ్డప్పుడు పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలోనే వచ్చాయి. మా పిల్లలు ఆ పెట్టె ముందే కూచుని చదువుకున్నారు. తుపాను కబురైనా, ఎన్నికల కబురైనా అక్కడే. అది సోకు కాదు, అవసరం.

మహద్ గుర్తు చేసుకుందాం. చౌదార్ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, ఒడ్డున మాత్రం మనల్ని దిగనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలి పట్టాకే ఆ తీర్మానానికి అర్థం వచ్చింది. నీళ్ళకీ టీవీకీ పోలిక చాలదని మాకూ తెలుసు. నీతి మాత్రం ఒకటే: అడగని హక్కు రాదు.

వసూలుకొచ్చే కుర్రాడు మనకి శత్రువు కాదు. వాడూ జీతగాడే, వాణ్ణి తిట్టి లాభం లేదు. ఇంటింటా రసీదు అడుగుదాం. చానళ్ళ ధరల పట్టిక అడుగుదాం. ఇవ్వకపోతే పేట పేటంతా ఒకే కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టి కేబుల్ కంపెనీకి పంపుదాం. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వివాదానికి ఫీజు లేదు. నెలనెలా కట్టలేనివాళ్ళకి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది. పెట్టె, గొడుగు ఒకసారి కొనుక్కుంటే నెలవారీ బాడుగ ఉండదు.

మా డిమాండ్లు ఇవీ: విడి చానల్ ధరని గుత్తి ధర మింగకుండా హద్దు బిగించాలి. ఒకే వైరు ఉన్న ఊళ్ళలో వైరు చార్జీకి మళ్ళీ పరిమితి పెట్టాలి. అడక్కుండా చానల్ ఆపితే ఆ నెల డబ్బు వాపసివ్వాలి.

వచ్చే నెల కుర్రాడు వచ్చినప్పుడు మా పేటలో ఏ ఇల్లూ రసీదు లేకుండా రూపాయి ఇవ్వదు. మీ పేట సంగతేంటి?