పెద్దల చెవికి టీవీ మాట అందుటకు

మేము ఇళ్లు దర్శించునప్పుడు ఈమధ్య తరచుగా కనబడుచున్న సంగతి ఒకటున్నది. గోడకు పలుచని పెద్ద టీవీ ఉంటుంది. దాని ఎదుట పెద్దాయన చెవి ఒగ్గి కూర్చుని, "ఏమన్నాడమ్మా?" అని కోడలిని అడుగుతుంటాడు. ఆమె సౌండు పెంచుతుంది. ప్రక్క గదిలో చదువుకొనే పిల్లవాడు విసుక్కుంటాడు. కొన్నాళ్లకు ఆయన అడగడమే మానివేసి, బొమ్మ చూచి లేచిపోతాడు. ఇంటిలో ఒకరు మాటల నుండి అలా తప్పుకొనుట మాకు చిన్న విషయముగా తోచదు.

తప్పంతా ఆయన చెవిది కాదు. పాత డబ్బా టీవీలలో స్పీకరు చాలావరకు ముందువైపే ఉండేది. నేటి పలుచని టీవీలలో ఎక్కువవాటికి చిన్న స్పీకర్లు క్రిందికో వెనుకకో తిరిగి యుంటవి. శబ్దము గోడకు తగిలి వచ్చుసరికి మాట మసకబారుతుంది. పైగా వయస్సు మీరిన చెవికి మొదట తగ్గేవి సన్నని స్వరములు. స, శ, త వంటి అక్షరముల పదును వాటిలోనే ఉన్నది. అందుకే పెద్దలు "వినబడుతోంది గాని అర్థము కావడం లేదు" అంటారు.

కోనసీమలోను, కడప, కరీంనగర్ వైపులను అనేక ఇళ్లలో గల్ఫు నుండి బావగారో అన్నగారో తెచ్చిన మ్యూజిక్ సెట్టు అటకమీద ఉన్నది. క్యాసెట్టు తిరగకపోయినను దాని యాంప్లిఫైయరు, స్పీకర్లు బాగుండవచ్చును. వెనుక ఎరుపు, తెలుపు రంధ్రములుండి "ఆక్స్" అని వ్రాసియున్నదేమో చూడండి. ఉన్నయెడల పాతసామాన్లవానికి వేయకండి.

రెండింటి స్విచ్చులు ఆపి, సెట్టు సౌండు పూర్తిగా తగ్గించి పని మొదలుపెట్టవలెను. టీవీకి హెడ్‌ఫోను రంధ్రముంటే, ఒక కొనకు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, మరొక కొనకు ఎరుపు, తెలుపు పిన్నులున్న వైరు చాలును. ఎరుపు కుడిది, తెలుపు ఎడమది. ఉచిత డిష్ బాక్సు వెనుక ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రములుంటే అక్కడనుండియే తీయవచ్చును. పసుపు బొమ్మకు సంబంధించినది, దానిని వదలివేయండి. సెట్టుమీద "ఫోనో" అని ఉన్నచోట మాత్రము పెట్టవద్దు. అది గ్రామఫోను రికార్డుల కొరకైనది, శబ్దము పగిలిపోవును.

హెడ్‌ఫోను రంధ్రము లేని టీవీలలో చాలావాటికి "ఆప్టికల్" అను చదరపు రంధ్రముంటుంది. దానికిని సెట్టుకును మధ్య డిజిటల్ శబ్దమును మార్చే చిన్న పెట్టె, అనగా డీఏసీ, కావలెను. అన్నీ సరిగా పెట్టినను శబ్దము రాలేదని దుకాణమువానితో తగువుపడక ముందు, టీవీ సౌండు మెనూలో "పీసీఎం" అని మార్చి చూడండి. చాలాసార్లు సంగతి అదే. బ్లూటూతు సులువే గాని, పెదవులు ముందు కదలి మాట వెనుక వచ్చుట కద్దు. మాట సరిగా పట్టలేనివారు పెదవులను కూడ చూచి గ్రహిస్తారు గనుక వారికి వైరే మేలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పాత డబ్బా టీవీని విప్పి, లోపలి స్పీకరు తీగలను బయటికి లాగి యాంప్లిఫైయరుకు కలపమని చెప్పేవారున్నారు. అట్టి టీవీలలో కొన్నింటికి లోపలి ఇనుప చట్రములోనే కరెంటు ఉంటుంది. ఆ తీగ ద్వారా అది సెట్టుకు, సెట్టు ముట్టుకొన్నవానికి వచ్చును. ప్రాణము పోవును. అలాగే, రెండు కలపగానే జుయ్‌మని మోత వస్తే ఎర్త్ పిన్ను విరిచివేయవద్దు. రెండింటిని ఒకే బోర్డునుండి పెట్టి చూడండి. తరువాత కేబులు వైరు ఊడదీసి చూడండి. మోత ఆగితే అది కేబులు గుండా వచ్చుచున్నది. ఆప్టికల్ తీగలో లోహము లేదు గనుక ఈ మోత దానిగుండా దాటదు.

స్పీకర్లను టీవీకి ఇరువైపుల, కూర్చున్నవారి చెవి ఎత్తున, వారివైపు తిప్పి పెట్టండి. మూలకు నెట్టితే గుమ్ముమను శబ్దము పెరిగి మాటను మింగివేయును. కుర్రవాళ్లకు బేస్ అంటే ప్రీతి. పెద్దవారికి అదే శత్రువు. బేస్ తగ్గించి, ట్రెబుల్ కొంచెము పెంచండి. టీవీ సొంత స్పీకరు ఇంకను పలుకుచుంటే మెనూలో ఆపివేయండి.

చివరగా, రెండు రిమోటులకు తెల్ల ప్లాస్టరు అంటించి, పెద్ద అంకెలతో 1, 2 అని వ్రాసి ఉంచండి. ముందు 1 నొక్కవలెను, తరువాత 2. పగలు అందరును పొలము పోయినప్పుడు కూడ ఆయన తానే పెట్టుకొని వినగలడు.