అల్లం పండించేవాడిగా చెప్తున్నా: పిప్పిగోరుకు అల్లం మందు కాదు



వారం రోజుల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, నువ్వు అల్లం వేస్తవు గదా, పిప్పిగోరుకు అల్లం రసం పెడితే పోతదంట, నిజమేనా?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తది. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్తా. పోదు. పోకపోవడం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. నష్టం కూడా ఉంది, అది మా ఇంట్లోనే చూసిన.

అల్లం మీద నాకు పగ లేదు. మా జహీరాబాదు వైపు అది అన్నం పెట్టే పంట. దగ్గుకు, అజీర్తికి, కడుపులో వికారానికి మా ఇంట్లో మొదటి మందు ఇప్పటికీ అల్లమే. కానీ ఒక్క మాట ఆలోచించండి. అల్లం విత్తే ముందు మనం ఏం చేస్తం? లీటరు నీళ్లకు 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి, విత్తనపు దుంపను అరగంట నానబెట్టి, నీడన ఆరబెట్టి పెడతం. ఎందుకు? దుంపకుళ్లు వస్తదని. చేలో నీళ్లు నిలిస్తే పచ్చని అల్లం నాలుగు రోజుల్లో పసుపుపచ్చగా మారి, పీకితే దుంప మెత్తగా కంపు కొడుతూ చేతిలోకి వస్తది. దుంపకుళ్లు తెచ్చేది వేరు, మన గోటికి పట్టేది వేరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అల్లంలో ఘాటు ఉంది కాబట్టి బూజు అన్నది బతకదు అనే మాట మాత్రం అల్లం రైతు నమ్మలేడు.

ఇక గోరు సంగతి. బురదలో పని చేసేవాళ్లకు వేళ్ల సందులు పాసి తెల్లబడతయి. అక్కడ చేరిన బూజు మెల్లగా గోటి కిందికి పోతది. గోరు పసుపుగానో, తెల్లగానో అయి, మందమై, చివర పొడిపొడిగా రాలుతది. మనం పిప్పిగోరు అంటం. ఒంటి మీద తామర తెచ్చే బూజు, గోటికి పట్టే బూజు చాలాసార్లు ఒకే జాతివి. గోరుచుట్టు వేరే రోగం. అది గోరు పక్కన వాచి, చీము పట్టి, సలిపేది. నిమ్మకాయ తొడిగేది దానికి. రెండూ ఒకటే అనుకుని ఒకదాని వైద్యం ఇంకోదానికి చేయకండి.

గాజు పళ్లెంలో బూజు పెంచి దాని మీద అల్లం సారం వేస్తే బూజు పెరగడం తగ్గిందని ల్యాబుల్లో చూసిన మాట నిజమే. వీడియోలు చేసేవాళ్లు పట్టుకున్న కొస అదే. కానీ పళ్లెంలో బూజు పైకే ఉంటది. మన కాలిలో అది గోరు లోపల, గోరు కింద ఉంటది. మల్చింగ్ షీటు పరిచిన బెడ్డు మీద మందు కొడితే షీటు కింది వేరుకు అందుతదా? గోరు అట్లాంటి షీటే, ఇంకా గట్టిది. రోలులో దంచిన అల్లం రసం దాన్ని దాటి లోపలికి పోయే దారి లేదు. చుట్టూ ఉన్న మెత్తని చర్మాన్ని మాత్రం బాగా మండిస్తది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా బావకు 12 ఏండ్ల నుంచి షుగరు. పోయిన ఏడు కాలి బొటనవేలు గోరు మందమై రంగు మారింది. ఎవరో చెప్పిన్రంట, అల్లం నూరి పెట్టి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచమని. ఆ అల్లం నా చేలోదే. నేనే ఇచ్చిన. "మంచిదే బావా, పెట్టి చూడు" అని కూడా అన్న. షుగరుతో ఆయన పాదాలు తిమ్మిరెక్కి ఉన్నయి, మంట తెలియదు. మనకైతే పది నిమిషాల్లో గుడ్డ విప్పి పారేసేవాళ్లం. ఆయన ఐదు రాత్రులు కట్టిండు. బొబ్బ లేచి పగిలింది, అదే కాలితో మడిలో దిగిండు. వేలు నల్లబడి, పాదం వాచి, ఆస్పత్రిలో 6 రోజులు ఉండాల్సి వచ్చింది. నెలన్నర కట్టు కట్టించుకున్నడు. వేలు దక్కింది, అంతవరకు అదృష్టం. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏందో అప్పుడు తెలిసింది.

అసలు మాట వినండి. పుండు మానినాక డాక్టరు ఆ గోరు ముక్క కత్తిరించి పరీక్షకు పంపితే అందులో బూజే లేదని వచ్చింది. ఎప్పుడో ఇనుప సామాను మీద పడి దెబ్బతిన్న గోరు అది. లేని రోగానికి మందు పెట్టి, లేని పుండు తెచ్చుకున్నట్టయింది. చెడిపోయినట్టు కనిపించే గోళ్లలో దాదాపు సగం బూజువి కావంట. దెబ్బ వల్ల, సోరియాసిస్ వల్ల, ఇరుకు బూట్ల వల్ల కూడా గోరు అట్లనే అయితది.

అందుకే నేను అనేది, ముందు పరీక్ష. గోరు ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తరు. బూజు ఉంటేనే మందు. టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తే చేతి గోళ్లకు మామూలుగా 6 వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు వాడిస్తరు. లివర్ సంగతి చూసి ఇచ్చే మందు అది. తాగుడు ఉన్నా, వేరే మాత్రలు మింగుతున్నా డాక్టరుకు దాచకండి. రోగం కొద్దిగానే ఉంటే గోటి మీద రంగులా పూసే మందు ఉంటది, అది నెలల తరబడి పూయాలె. మందు అయిపోయిన మర్నాడే గోరు మెరవదు. కాలి బొటనవేలు గోరు మొత్తం కొత్తగా రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడతది. "పది రోజుల్లో కొత్త గోరు" అని ఎవరన్నా చెప్తే అది అబద్ధమని అక్కడే తెలుసుకోవచ్చు. సరైన మందు వాడినా అందరికీ పూర్తిగా తగ్గదు, కొందరికి మళ్లీ వస్తది.

మెడికల్ షాపులో అడిగి మూడు మందులు కలిపిన ట్యూబు తెచ్చుకోవడం కూడా తప్పే. అందులో స్టిరాయిడ్ ఉంటది. రెండు రోజులు దురద తగ్గుతది, లోపల బూజు పాకుతది. మన దేశంలో తామర ఇంత మొండిగా మారడానికి ఇటువంటి ట్యూబులు కూడా ఒక కారణమని చర్మ డాక్టర్లు చెప్తున్నరు.

"డాక్టరు దగ్గరికి పోతే ఖర్చు, ఒక రోజు కూలి పోతది, అల్లం ఇంట్లోనే ఉంది గదా" అంటరు. నిజమే, నేనూ అట్లనే అనుకున్న. కానీ మా బావకు పోయిన కూలి ఒక్క రోజుది కాదు, రెండు నెలలది. జిల్లా ఆస్పత్రిలో చర్మ డాక్టరు ఉంటరు. ఇంకో పని మీద పట్నం పోయిన రోజే చూపించుకోండి.

ఇంట్లో చేయాల్సిన వైద్యం కూడా ఉంది. మడి నుంచి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవండి. తడి బూట్లు ఎండలో పెట్టండి. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. నెయిల్ కట్టర్ ఎవరిది వాళ్లకే ఉండాలె. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే ముందు ఆడవాళ్లు ఒకసారి గోళ్లు చూసుకోండి, పండినాక కింద ఏముందో కనబడదు. గోరు కింద కొత్తగా నల్ల గీత వచ్చి వెడల్పు అవుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో మాట. చేను చుట్టూ రోజూ తిరిగి చూస్తం గదా, రాత్రి పడుకునే ముందు రెండు పాదాలు కూడా అట్ల చూసుకోండి. కళ్లు ఆనకపోతే మనవడినో మనవరాలినో చూడమనండి.

అల్లం కావాలంటే నా దగ్గరికి రండి, చాయ్‌కి ఇస్తా, పచ్చడికి ఇస్తా. గోటికి అంటే మాత్రం ఇయ్య.