తడి గరిటె తగిలితే... డీజిల్‌కైనా బూజే!

వరదల సీజన్‌లో ఒడ్డున కట్టేసిన విహార లాంచీ ట్యాంకులో ఏం జరుగుతుంది?

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో తెలుగింట్లో ఎవర్నీ అడగక్కర్లేదు. వారం తిరిగేసరికి తెల్లగా బూజు. పైపొర తీసి పారేసినా, మళ్లీ కాచిన నూనె పోసినా ఆ వాసన పోదు. అందుకే అమ్మమ్మలు జాడీ మూతికి గుడ్డ కట్టి, ముక్క మీద నూనె తేలేలా చూసి, పిల్లల చేతికి అందకుండా అటకెక్కించేవారు.

గోదావరి మీద తిరిగే విహార లాంచీ డీజిల్ ట్యాంకుకీ ఇదే సూత్రం. డీజిల్‌కు బూజు పట్టడమేంటి అనిపిస్తుంది. పడుతుంది. ఆవకాయకు పడితే ఇంట్లో నాలుగు చివాట్లతో సరిపోతుంది. ట్యాంకుకు పడితే నడి గోదారిలో ఇంజిన్ ఆగిపోతుంది.

కార్తీకం వచ్చిందంటే పాపికొండలకు కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరతాయి. గండిపోచమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని లాంచీ ఎక్కితే ఇక పేరంటపల్లి దాకా సందడే సందడి. పైన డెక్కు మీద పాటలు, కింద పులిహోర పొట్లాలు, రెయిలింగు పట్టుకుని ఫొటోలు. కాళ్ల కింద ఎక్కడో ఉన్న ట్యాంకు సంగతి వాళ్లెవరికీ గుర్తురాదు. రానక్కర్లేదు కూడా. గుర్తుండాల్సింది యజమానికీ, సరంగుకూ.

ఎందుకంటే లాంచీకి అవి తొలి ట్రిప్పులు. జులైలో గోదారి ఎర్రబడి పొంగడం మొదలవగానే బోట్లు ఆపేస్తారు. వరద తీసి, తనిఖీలయ్యి, అనుమతి వచ్చేదాకా లాంచీలు ఒడ్డునే ఉంటాయి. నెలల తరబడి కదలికే ఉండదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాక అయితే ఈ విహారం మొత్తం ఆగిపోయింది. మరుసటి ఏడాది కరోనా వచ్చిపడింది. కచ్చులూరు ఘోరం వరద ఉద్ధృతిలో జరిగింది, దానికీ డీజిల్‌కీ ముడిపెట్టకూడదు. కానీ అన్నాళ్లు కదలకుండా ఉన్న ఏ ట్యాంకులోనైనా ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది.

లారీకి ఈ బాధ లేదు. పోసిన డీజిల్ ఒకట్రెండు రోజుల్లో కాలిపోతుంది, మళ్లీ కొత్తది వస్తుంది. నిలవ ఉంటేగా బూజు పట్టడానికి! లాంచీల్లోవీ చాలామటుకు లారీలకు వాడే తరహా ఇంజిన్లే. అయినా వాటి బతుకు వేరు. సీజన్‌లో రోజూ పరుగు, సీజన్ అయిపోతే నెలల తరబడి నిద్ర. ఇక నీళ్ల సంగతంటారా, పైనా కిందా చుట్టూ అవే.

చీకట్లో నాచు పెరుగుతుందా?

ట్యాంకు అడుగున నల్లగా, జిగురుగా పేరుకునే పాకుడును చాలామంది ‘నాచు’ అనేస్తారు. నాచు పెరగాలంటే ఎండ కావాలి. మూత బిగించిన ట్యాంకులో ఎండెక్కడిది? అవి బ్యాక్టీరియా, బూజు జాతి శిలీంధ్రాలు. వాటిలో ఒకదానికి ‘కిరోసిన్ ఫంగస్’ అనే పేరే ఉంది. 1950లు, 60ల్లో జెట్ విమానాల ఇంధన ట్యాంకుల్లో చేరి ఇంజినీర్లను ముప్పుతిప్పలు పెట్టిన ఘనత దానిది. ఇంగ్లండు తీరంలో సొంత పడవల్లో షికారు చేసేవాళ్లు ఈ మొత్తం పరివారానికి ‘డీజిల్ బగ్’ అని పేరు పెట్టారు. అక్కడ శీతకాలమంతా పడవలు కట్టేస్తారు, ఇక్కడ వానాకాలం. అంతే తేడా.

ఈ జీవులకు డీజిల్ ఆహారం. కానీ ఒట్టి డీజిల్‌లో అవి బతకలేవు, నీళ్లుండాలి. డీజిల్ కంటే నీరు బరువు కాబట్టి ట్యాంకులోకి చేరిన ప్రతి బొట్టూ అడుగుకే పోతుంది. ఆ నీటికీ పైనున్న డీజిల్‌కీ మధ్య ఉండే సన్నని గీతే వాటి ఊరు. కింద తాగడానికి నీళ్లు, పైన తినడానికి డీజిల్! 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం దొరికితే ఇంకా హుషారు. గోదారి ఒడ్డున వానాకాలమంతా దాదాపు అదే వేడి. అవి తిని ఊరుకోవు, ఆమ్లాలు వదులుతాయి. ఇనుప ట్యాంకు అడుగు లోపలి నుంచి గుంటలు పడేది అందుకే. బయటి నుంచి ఎన్ని పూతల రంగు వేసినా కనిపించని తుప్పు అది.

ఇంతకీ నీళ్లెక్కడి నుంచి వస్తాయి? బంకు వాడి మీద నెపం వేయడం తేలిక. నిబంధన ప్రకారం బీఎస్-6 డీజిల్ కిలోలో నీరు 200 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 500 లీటర్లకు సుమారు 80 గ్రాములు, ఓ చిన్న కాఫీ కప్పుడు. అసలు దొంగలు వేరే ఉన్నారు. డెక్కు మీద డీజిల్ పోసే మూత కింద రబ్బరు వాషరు ఎండి పగిలితే, ప్రతి వానకూ కాసిని నీళ్లు దిగుతాయి. ట్యాంకుకు గాలాడే గొట్టం మూతి పైకి తెరుచుకుని ఉన్నా అంతే. ఇక ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడి గోడలకు చెమట పట్టి కారుతుంది. పుస్తకాలన్నీ ఈ చెమట గురించే చెబుతాయిగానీ, పగిలిన వాషరుతో పోలిస్తే దాని వాటా తక్కువే. పది రూపాయల వాషరు ఎవరి కంటికీ ఆనదు!

అన్నిటికంటే గడుసుది డ్రమ్ము. రేవు దగ్గర బంకు ఉండదు కాబట్టి డీజిల్ డ్రమ్ముల్లో, టిన్నుల్లో తెచ్చుకోవడం మామూలే. నిలబెట్టిన డ్రమ్ము పైమూత మీద వాన నీళ్లు నిలుస్తాయి. ఎండకు డ్రమ్ములో గాలి వ్యాకోచించి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. వాన పడి చల్లబడగానే అదే సందులోంచి పైనున్న నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. బిరడా గట్టిగా బిగించాం కదా అనుకుంటారు. అయినా పీలుస్తుంది. అందుకే డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ చెరోపక్క ఒకే ఎత్తులో ఉండేలా తిప్పి ఉంచాలి. అప్పుడు బిరడాలకు లోపలివైపు డీజిలే ఉంటుంది, బయటివైపు నీరు నిలవదు.

ఒడ్డున అంతా బాగానే ఉంటుంది

ఈ జబ్బులో తంటా ఏమిటంటే, రేవులో ఏమీ తెలియదు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది. నెమ్మదిగా నడుపుతూ చూస్తే గడియారంలా తిరుగుతుంది. ఎందుకంటే మడ్డి అడుగున నిద్రపోతోంది, పైనున్న తేట డీజిలే ఇంజిన్‌కు వెళ్తోంది. లాంచీ జనంతో నిండి, ప్రవాహానికి ఎదురెక్కుతూ కొండల మధ్య ఇరుకులోకి వచ్చినప్పుడు కథ మారుతుంది. పడవ ఊగుతుంది, ట్యాంకులో డీజిల్ కలబడుతుంది. నెలల తరబడి కదలని పాకుడు ముక్కలు ముక్కలుగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంజిన్‌కు ఇంధనం ఎక్కువ కావాలి. ఫిల్టరు మూసుకుపోతుంది. ఇంజిన్ ఒకట్రెండు సార్లు తగ్గి, లేచి, దగ్గి... ఆగుతుంది. చుక్కాని తిప్పినా పడవ మాట వినదు. ఆ క్షణం నుంచి పడవను నడిపేది గోదారే.

అందుకే సముద్రం మీదైనా నది మీదైనా అనుభవమున్నవాళ్లు చెప్పే మొదటి పని: ఇంజిన్ దగ్గరికి పరుగెత్తడం కాదు, లంగరు వేయడం. పడవ నిలబడ్డాక మిగతావి. వాల్వు మూసి, పాత ఫిల్టరు విప్పి, కొత్తది బిగించి, పైపుల్లో చేరిన గాలిని చేతి పంపు కొడుతూ బయటికి పంపాలి. గాలి స్క్రూ వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించి స్టార్ట్ చేయాలి. చెయ్యి తిరిగినవాడికి కొద్ది నిమిషాల పని. అయితే పడవలో కొత్త ఫిల్టరు, సరిపోయే పానా ఉంటేనే సుమా! జనాన్ని ఎక్కించుకునే బోటుకు మాత్రం ఫిల్టర్లు జంటగా ఉండటమే మేలు. ఒకటి మూసుకుపోతే మీట తిప్పి రెండోదాని మీదికి మార్చుకోవచ్చు, ఇంజిన్ ఆపనక్కర్లేదు.

ఇంజిన్‌కు ముందు నీటిని వేరుచేసే సెపరేటర్ ఒకటి ఉంటుంది. దాని అడుగున గాజు గిన్నె, గిన్నె కింద చిన్న కుళాయి. అందులో మామూలుగా 10 లేక 30 మైక్రాన్ల జల్లెడ పెడతారు. తర్వాత ఇంజిన్ మీదుండే ఫిల్టరు ఇంకా సన్నం. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాంతో పోల్చుకోవచ్చు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇంజెక్టరు లోపలి భాగాలకు కందెన కూడా డీజిలే. డీజిల్ బదులు నీళ్లు వెళ్తే అవి ఒరుసుకుపోతాయి, తుప్పు పడతాయి. ఆ మరమ్మతు బిల్లుతో జీవితాంతానికి సరిపడా ఫిల్టర్లు కొనుక్కోవచ్చు.

మందు పోస్తే సరా?

బజారులో డీజిల్ మందులకు కొదవలేదు. సూక్ష్మజీవుల్ని చంపేవి నిజంగానే పనిచేస్తాయి. కాకపోతే చచ్చినవి ఎక్కడికీ పోవు, మడ్డిగా మారి ఫిల్టరుకే అడ్డం పడతాయి. అందుకే ముందు నీళ్లు తీసెయ్యాలి, తర్వాతే మందు. పోశాక రెండుమూడు ఫిల్టర్లు వరసగా మార్చడానికి సిద్ధపడాలి. లేబుల్ మీద రాసిన మోతాదు దాటకూడదు, చేతులకు తొడుగులు తప్పనిసరి. అది విషమే మరి. నీటిని డీజిల్‌లో కలిపేసే మందులు ఇంకో రకం. గోడలకు పట్టిన కాస్త తేమకైతే సరే, అడుగున లీటర్ల కొద్దీ నీళ్లుంటే మాత్రం వద్దు. కలిసిపోయిన నీటిని సెపరేటర్ కూడా పట్టుకోలేదు, నేరుగా ఇంజెక్టరుకు చేరుతుంది. పైపుకు అయస్కాంతం తగిలిస్తే బూజు చస్తుందని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బుతో వాషర్లు కొనుక్కోవడం నయం.

బాగా ముదిరితే మందులు కాదు, ట్యాంకు కడగాల్సిందే. ఉన్న డీజిల్‌ను పంపుతో తోడి, వరస ఫిల్టర్ల గుండా తిప్పి శుభ్రం చేస్తారు. అడుగు గోకకుండా డీజిల్ ఒక్కటే వడగడితే, బూజు పట్టిన జాడీలో కొత్త ఆవకాయ పెట్టినట్టే. ట్యాంకు మీద చెయ్యి పట్టే మూత లేకపోవడమే చాలా పడవల్లో అసలు చిక్కు. కొత్తగా చేయించేవాళ్లు అది అడిగి పెట్టించుకోవాలి. మనిషి దిగేంత పెద్ద ట్యాంకైనా సరే, గాలి పరీక్షించకుండా లోపలికి దిగకూడదు.

ఇంతదాకా రానివ్వకుండా ఉండాలంటే సీజన్ చివర్లోనే నిర్ణయం జరగాలి. కట్టేసేముందు ట్యాంకు నింపాలి, అంచుల దాకా కాదు. డీజిల్ వేడికి పొంగుతుంది. 500 లీటర్లకు పది డిగ్రీలు పెరిగితే సుమారు 4 లీటర్లు. ఆ మాత్రం ఖాళీ చాలు. చెప్పడం సులువే. నాలుగు నెలలు ఆదాయం లేని యజమానికి అన్ని వేల రూపాయల డీజిల్ వరద ఒడ్డున వదిలెయ్యాలంటే గుండె పీకుతుంది. దొంగల భయం సరేసరి. ‘ఉన్నదేదో ఉండనీ’ అని సగం ట్యాంకుతో కట్టేసేది అందుకే. మిగతా రెండు దారుల కంటే అదే చెడ్డది. నింపలేకపోతే పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి మూసెయ్యడం ఉత్తమం. తీసిన డీజిల్‌ను అప్పుడే వాడేసుకోవచ్చు కూడా. చల్లగా, పొడిగా ఉంచినా ఆరు నెలల నుంచి ఏడాది దాకానే డీజిల్‌కు ధీమా. ఆ తర్వాత దానంతటదే జిగురెక్కుతుంది.

ఇకముందు ఈ జాగ్రత్త మరికాస్త అవసరం. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం. అదేమీ వింత కాదు, 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతోనే నడిపి చూపించారు. అయితే బయోడీజిల్‌కు తేమను పట్టుకునే గుణం ఎక్కువ. బూజుకు రుచీ ఎక్కువే.

పరీక్షకు పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. ఉదయం ఇంజిన్ తీయకముందే ట్యాంకు అడుగు కుళాయి తిప్పి, ఓ తెల్ల గాజు సీసాలో అరగ్లాసు పట్టి పావుగంట నిలబెట్టాలి. పలచని తేనెరంగులో తేటగా ఉంటే బయల్దేరొచ్చు. అడుగున గీత కనిపిస్తే కింద ఉన్నది నీరు. గీత మీద నల్లటి పొర తేలుతుంటే, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే ఆ రోజు ట్రిప్పు మానుకోవాలి. బంకుల్లో కొలకర్రకు రాసే పేస్టు దొరికితే ఇంకా సుఖం, నీరు తగిలినంత మేర రంగు మారుతుంది.

పట్టిన ఆ అరగ్లాసును చాలామంది ఆనవాయితీగా గోదాట్లోకి విసిరేస్తారు. కిందనున్న ఊళ్లు తాగే నీళ్లవి. సీసా పక్కనే మూతున్న డబ్బా ఒకటి పెట్టుకుని అందులో పోయాలి. నిండాక పాత ఇంజిన్ ఆయిల్‌తోపాటు, వాడిన నూనెలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు ఇచ్చెయ్యాలి.