ద్రాక్షతోటకు పోయి గ్లాసు మాత్రం చూసి వస్తే చాలునా?



నందికొండ కింద ఉండే వైన్ ఫ్యాక్టరీలకు మన హోసూరు నుంచి ఒక్క దినం టూరు పోయొస్తిమి. అప్పట్నుంచి సంఘంలో రెండు జట్లు. ఒక జట్టు ‘సంఘం పేరుతో తాగుడు యాత్రనా?’ అంటా ఉండాది. ఇంకో జట్టు ‘ఐరోపా చూసినట్లే ఉండాది’ అని ఫోటోలు పెడతా ఉండాది. మేము ఈ రెండిటికీ ఒప్పుకోము.

మొదటి జట్టుకు ఒక మాట. ఎవురి నోట్లోనూ ఎవురూ పోయలేదు. వద్దన్నోళ్లకు ద్రాక్షరసం ఇచ్చిరి. మన వీధి చివర సర్కారు సారాయి అంగడి ముందర దినామూ నిలబడే గుంపును చూసి నోరు తెరవనోళ్లు, ఈ ఒక్క దినానికి నీతులు చెప్పేది న్యాయం కాదు.

రెండో జట్టుకు ఇంకో మాట. ఐరోపా మాదిరి ఉండాదంటే ఆ నేలను తక్కువ చేసినట్లే. ప్రపంచంలో పేరుపడిన వైన్ తోటలు చానామటుకు 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల నడుమ ఉండాయి. నందికొండ 13 దగ్గర ఉండాది. ఆడ చలికాలంలో తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఈడ దానికి ఆ నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ బలపడేదానికి, అక్టోబరు దగ్గర ఇంకోసారి కాయ పట్టేదానికి. ఫిబ్రవరి, మార్చిలో కోత. వెయ్యి అడుగులు తోడినా నీళ్లు పడతాయో లేదో తెలియని సీమలో చుక్క చుక్క కట్టి పండించేది ఇది. ఇదంతా రైతు కత్తెర పనితనం.

ఇది గైడు చెప్పినాడా? లేదు. గ్లాసు కాడ ఎట్లా పట్టుకోవాల, ఎట్లా తిప్పాల, ముక్కు ఎట్లా పెట్టాల అని ముక్కాలు గంట ఇంగ్లీషులో పాఠం. తోటలో పది నిమిషాలు, అదీ ఫోటోకు. ఆ సీమ సొంత పంట బెంగళూరు బ్లూ. 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నల్ల ద్రాక్ష. రోడ్డు పక్కన దాని పందిళ్లు కనపడతానే ఉండాయి, దాని పేరు ఎత్తినోళ్లు లేరు. 2007లో కర్ణాటక సర్కారు వైన్ పాలసీ తెచ్చింది ద్రాక్ష రైతు పేరు చెప్పే. టూరులో ఆ రైతు ఒక్కడూ లేడు.

మాకు కడుపు మండిన సంగతి వేరే ఉండాది. తీగలు కట్టే ఆడోళ్లను మనోళ్లు ‘యా ఊరు తల్లీ?’ అని అడిగితే, మన ఇంటి తెలుగులోనే బదులు వచ్చె. గైడుకు వాళ్లు ‘లోకల్ లేబర్’. టైమ్ అయిందని బస్సు ఎక్కించె. మనలో చానామంది చదివింది అరవ బడి. తెలుగు ఇంట్లో, వీధిలో నేర్చినదే. హోసూరు, కోలారు, చిక్కబళ్లాపురం ఒకే మొరసునాడు అని పుస్తకంలో కాదు, అట్లాంటి మాటలో తెలుస్తుంది. ఆ మాటను రెండు నిమిషాల్లో తుంచేసిరి. విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి ఆ పక్కనే. ఆయన ఇంటిపేరు మోక్షగుండం ఆంధ్రలో ఊరు. మన మాదిరే వలసొచ్చిన తెలుగు ఇల్లు. దాని గురించీ ఒక్క మాట లేదు.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము అడిగేది ఇది. టూరు నిలిపేయొద్దు. మార్చండి. అక్టోబరు కత్తిరింపుకో, ఫిబ్రవరి కోతకో పోదాము. పొద్దున పూట బెంగళూరు బ్లూ రైతు పందిరి కింద. ఆయన చెప్పేదానికి సంఘం డబ్బు కట్టాల. మధ్యాహ్నం ఫ్యాక్టరీ. రుచి చూసేవాళ్లు సొంత డబ్బుతో చూడండి. గైడుకు తెలుగు, కన్నడ, అరవంలో ఒకటన్నా రావాల.

దీన్ని కాదనేవాళ్లు సమావేశానికి వచ్చి ఎదురుగా చెప్పండి. ఫోటోల కింద గొడవ చాలు.