పరిమళం తోడుగా ఉండాలి, మందుకు బదులు కాదు

తెలంగాణ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,

మాది కామారెడ్డి జిల్లా. మా తమ్ముడు పదిహేనేళ్లు కల్లు తాగాడు. చెట్టు మీంచి దించిన కల్లు అయితే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. వాడు తాగింది మందు కల్లు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపే ఆ కల్లు సంగతి మీకు నేను చెప్పాల్సింది లేదు. సాయంత్రం సీసా పడకపోతే వాడికి అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఒకరోజు వాడంతట వాడే "అక్కా, ఇగ బంద్ జేస్త" అన్నాడు. ఆ మాట కోసం మా అమ్మ మొక్కని దేవుడు లేడు. ఆలస్యమైతే మనసు మారుతుందేమోనని మర్నాడే హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్పించాం.

గేటు మీద "మందులు లేకుండా, ప్రకృతి పద్ధతిలో" అని పెద్ద బోర్డు. అది చూసి సంబరపడ్డాం. ఒక మందు మానిపించి ఇంకో మందుకు అలవాటు చేస్తారేమోనన్న భయం మాకు ఉండేది. గది శుభ్రంగా ఉంది. మూలన చిన్న యంత్రంలోంచి లావెండర్ వాసనతో సన్నగా ఆవిరి వస్తోంది. ఒక అమ్మాయి దూది ఉండ మీద మూడు చుక్కల నూనె వేసి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. బిగుసుకున్న భుజాలు కాస్త దిగాయి. "మంచిగున్నదక్కా" అన్నాడు. కళ్లారా చూశాను కాబట్టి ఆ వాసన వట్టిదని నేను అనలేను.

రెండో రోజు రాత్రి వాడు మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఒళ్లంతా చెమట. "గోడ మీద చీమలు పాకుతున్నయక్కా" అంటూ ఖాళీ గోడ చూపించాడు. ఆ అమ్మాయిని పిలిస్తే దూది మీద ఇంకో రెండు చుక్కలు వేసి, కణతలకు నీలగిరి తైలం రాసింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. రాత్రిపూట అక్కడ డాక్టరు ఉండడని మాకు అప్పుడు తెలిసింది. 108లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళితే డైజిపాం ఇచ్చి నిలబెట్టారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు.

ఆ మంచం పక్కన కూర్చుని నేను తెలుసుకున్నది ఇది. మెదడు ఉద్రేకాన్ని అదుపులో పెట్టే గాబా అనే రసాయనం ఉంది. మద్యం, అల్ప్రాజోలం రెండూ దాని ప్రభావాన్ని పెంచుతాయి. ఏళ్ల తరబడి అలా సాగితే, బయటి సాయం లేనిదే ఆ అదుపు పనిచేయని స్థితికి మెదడు చేరుతుంది. ఆ సాయం ఒక్కసారిగా ఆగితే పగ్గం తెగినట్టే. మద్యం మానినవాళ్లలో ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల లోపు వస్తాయి. మతి తప్పి లేనివి కనబడే ప్రమాదకర స్థితి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అంటే ఆ గంటల్లో కనిపించే ఆందోళన ఉత్త దిగులు కాదు, రాబోయే ప్రమాదానికి హెచ్చరిక. సువాసనతో రోగి కాస్త కుదుటపడ్డట్టు కనిపిస్తే ఆ హెచ్చరికను చుట్టూ ఉన్నవాళ్లు వినిపించుకోరు. మా విషయంలో జరిగింది అదే.

లావెండర్ మీద పరిశోధన లేదని నేను అనను. వాసన మోసే నరాలకు మెదడులో భయాన్ని, జ్ఞాపకాన్ని చూసే భాగాలతో దగ్గరి చుట్టరికం ఉంది. జర్మనీలో లావెండర్ నూనెను 80 మిల్లీగ్రాముల గుళికగా తయారుచేసి, ఎడతెగని ఆందోళనతో బాధపడేవారికి ఇచ్చి, అర మిల్లీగ్రాము లోరాజెపాంతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆరు వారాల్లో రెండింటి ఫలితం దాదాపు ఒకేలా వచ్చింది. కానీ అది లెక్క ప్రకారం తయారైన మింగే గుళిక, దూది మీద చుక్క కాదు. పైగా ఆ అధ్యయనం మత్తు మానేస్తున్నవారి కోసం చేసింది కాదు. ఆ ఫలితాన్ని తెచ్చి మందు కల్లు మానేవాడి తలగడ కింద పెట్టడం అన్యాయం. బజారులో దొరికే సీసాలోని నూనెను గుళికకు బదులుగా తాగించడం అంతకన్నా ప్రమాదం.

ఇక కర్పూరం, నీలగిరి తైలాల సంగతి. జలుబు చేస్తే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేవి అవే. అయితే 1934లో బుడాపెస్ట్‌లో లాడిస్లాస్ మెడునా అనే వైద్యుడు మానసిక రోగులకు కావాలనే ఫిట్స్ తెప్పించడానికి ఎంచుకున్నది కర్పూర తైలం ఇంజెక్షనే. నీలగిరి తైలం వల్ల కూడా ఫిట్స్ వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మా తమ్ముడికి ఫిట్స్ రావడానికి కణతలకు రాసిన తైలమే కారణమని నేను చెప్పడం లేదు. ఫిట్స్ అంచున ఉన్న మనిషి దగ్గరకు అలాంటి నూనె తేకూడదన్న ఇంగితం అక్కడ ఎవరికీ లేకపోయిందన్నదే నా బాధ.

ఆసుపత్రిలో అయిదో రోజున తమ్ముడు తెలివిలోకి వచ్చి మాట్లాడుతున్నాడు. అమ్మ చేతిరుమాల్లో గుప్పెడు మల్లెలు కట్టి తెచ్చింది. వాడు ఆ మూట ముఖం మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. డ్యూటీ డాక్టరు ఏమంటాడోనని నేను తీయబోయాను. ఆయన ఆపి, "ఉండనివ్వండమ్మా. మందు మేం ఇస్తాం, వాసన మీరివ్వండి" అన్నాడు. మీతో చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఈ కేంద్రాలను నమోదు చేసే, తనిఖీ చేసే, ఫిర్యాదులు వినే అధికారం మీకు ఇచ్చింది. ఆ అధికారంతో ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, రాత్రింబవళ్లు డాక్టరు, అత్యవసర మందులు అందుబాటులో లేని కేంద్రం మత్తు అప్పుడే మానేసినవారిని చేర్చుకోకూడదని ఆదేశించండి. ఏం తాగాడు, ఎన్నేళ్లు తాగాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్నది చేరేటప్పుడే రాసుకోవాలి.

రెండు, "మందులు లేకుండా" అనే బోర్డులు తీయించండి. సుగంధ తైలాలు ఊరట కోసమే తప్ప చికిత్స కాదని ప్రతి కేంద్రంలో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టించండి.

మూడు, తైలాల వాడకానికి నియమాలు పెట్టండి. తాగించకూడదు. నేరుగా చర్మానికి రాయకూడదు. ఉబ్బసం ఉన్నవారి గదిలో ఆవిరి పట్టకూడదు. ఫిట్స్ ముప్పు ఉన్నవారి దగ్గర కర్పూరం, నీలగిరి వాడకూడదు.

నాలుగు, కల్తీ కల్లు దుకాణాలు మూయించేటప్పుడు ఆ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ముందే కబురు అందేలా ఎక్సైజ్ శాఖతో మాట్లాడండి. 2015లో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఎంతమంది వచ్చారో గుర్తు చేసుకోండి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. తాగినా చావు, మానినా చావు అన్న గతి ఈ జనానికి పట్టనివ్వకండి.

ఇది చదివే ఇళ్లవాళ్లకు కూడా ఒక మాట. మీవాళ్లు మానేస్తామంటే సంతోషించండి, కానీ డాక్టరు సలహా లేకుండా ఒక్కసారిగా మాన్పించకండి. సలహా కోసం 14446కు ఫోన్ చేయండి. వణుకు ఎక్కువైనా, లేనివి కనబడుతున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా 108ని పిలవండి. మల్లెలు ఆ తర్వాత తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ఒక తమ్ముడి అక్క